బరువు అదే, భారం వేరు: ఎయిర్ రైఫిల్ తూకం మీద ఒక కేస్ స్టడీ

నేపథ్యం

హైదరాబాద్‌లో రైఫిల్ కోచ్‌గా పనిచేస్తున్న నా దగ్గర శిక్షణ పొందుతున్న ఒక క్రీడాకారిణి కేసు ఇది. ఆమె అనుమతితో, తల్లిదండ్రుల అనుమతితో రాస్తున్నాను. పేరు, ఊరు, పోటీల తేదీలు వదిలేశాను. గుర్తుపట్టడానికి వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాను. కొలతల జోలికి మాత్రం పోలేదు, ఎందుకంటే ఈ కేసులో పాఠమంతా ఆ కొలతల్లోనే ఉంది.

నా దగ్గరకు వచ్చేనాటికి ఆమెకు 17 ఏళ్లు. ఎత్తు 160 సెం.మీ., బరువు 52 కిలోలు. కోస్తాలోని ఒక పట్టణంలో బడి రోజుల్లోనే క్లబ్ రైఫిల్‌తో షూటింగ్ మొదలుపెట్టి, ఇంటర్ చదువుకని హైదరాబాద్ వచ్చి హాస్టల్లో ఉంటోంది. రాష్ట్ర పోటీలు దాటి, జాతీయ పోటీలకు అర్హత తేల్చే మావలంకర్ పోటీల దాకా వెళ్లింది. అక్కడి నుంచి జాతీయ పోటీలకు అర్హత సాధించడం ఆమె లక్ష్యం. ఆమె రైఫిల్ సిలిండర్‌లో నింపిన గాలితో పనిచేసే జర్మనీ తయారీ ఎయిర్ రైఫిల్, అల్యూమినియం స్టాక్‌ది (స్టాక్ అంటే బ్యారెల్‌ను మోసే చట్రం). కుటుంబం దానిని ఒక సీనియర్ షూటర్ దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. ఆయన ఆమెకంటే చాలా పొడగరి. అమ్మేటప్పుడు "ఇది నేషనల్స్ ఆడిన సెట్టింగ్, స్క్రూలు ముట్టుకోవద్దు" అని చెప్పారట. అమ్మాయి ఆ మాటను ఏడు నెలల పాటు వేదవాక్కులా పాటించింది. ఇది నాకు మొదటి రోజే తెలిసి ఉంటే ఈ కేసు సగం నిడివిలో ముగిసేది. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఈ క్రీడతో పరిచయం లేని పాఠకుల కోసం రెండు మాటలు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో నిలబడి, ఏ ఆసరా లేకుండా, 75 నిమిషాల్లో 60 షాట్లు కాల్చాలి. దశాంశాల లెక్కన ఒక్కో షాట్‌కు గరిష్ఠంగా 10.9, మొత్తం 654.0. రైఫిల్ బరువు 5.5 కిలోలు మించకూడదు. పదో రింగు అర మిల్లీమీటరు చుక్క, 4.5 మి.మీ. పెల్లెట్ అంచు దానిని తాకితే పది వచ్చినట్టే కనుక, పెల్లెట్ కేంద్రం 2.5 మి.మీ. పక్కకు పోతే పది చేజారుతుంది. పది మీటర్ల దూరంలో ఆ 2.5 మి.మీ. అంటే, కంటికి సుమారు 80 సెం.మీ. ముందున్న ఫ్రంట్ సైట్ దగ్గర కేవలం 0.2 మి.మీ. కదలిక. ఇంత సన్నని వ్యవహారంలో రైఫిల్ ఎటు తూగుతోంది, ఆ తూగును ఏ కండరం ఆపుతోంది అన్నది చిన్న ప్రశ్న కాదు. పైగా 2018కి ముందు మహిళల మ్యాచ్ 40 షాట్లకే ముగిసేది. చివరి ఇరవై షాట్లలో బయటపడే అలసట పాత రోజుల్లో అమ్మాయిల స్కోరు కార్డులో కనిపించే అవకాశమే లేదు. అందువల్ల ఆ రోజుల నుంచి నోటిమాటగా వస్తున్న సలహాలలో కొన్ని ఇప్పటి మ్యాచ్‌కు సరిపోవు.

వచ్చిన సమస్య

ఆమె చెప్పిన మాట ఒక్కటే: "సార్, బ్యారెల్ నిలబడట్లేదు." పాత హాస్టల్ స్నేహితులు, సీనియర్లు అప్పటికే వైద్యం చేసి పంపారు. నిలబడకపోతే ముందు బరువు పెంచాలని చెప్పి, బ్యారెల్ కొసకు 50 గ్రాముల రింగులు నాలుగు తొడిగించారు. మొదట్లో బాగుందనీ, ఇప్పుడు మళ్లీ మామూలేననీ ఆమె అంది. దానితో పాటు, అడిగితే తప్ప చెప్పని ఇంకో సంగతి: మ్యాచ్ అయిన రాత్రి నడుము కింది భాగంలో నొప్పి.

మొదటి వారం నేను ఏమీ మార్చకుండా పూర్తి మ్యాచ్ కాల్పించాను. పదేసి షాట్ల ఆరు సిరీస్‌లు ఇలా వచ్చాయి: 104.1, 103.9, 103.2, 102.4, 101.8, 101.0. మొత్తం 616.4. మొదటి సిరీస్‌ చూస్తే ఈ అమ్మాయి 620 దాటాల్సిన షూటర్ అనిపిస్తుంది, చివరిది చూస్తే వేరే మనిషి కాల్చినట్టుంటుంది. గురి కదలికను తెర మీద గీతగా చూపించే స్కాట్ ట్రైనర్ అనే పరికరం పెట్టి చూస్తే, ట్రిగ్గర్ నొక్కే ముందు చివరి సెకనులో గురి పదిలోపల ఉండే సమయం మొదటి సిరీస్‌లో 78 శాతం, ఆఖరి సిరీస్‌లో 58 శాతం.

తొలి నిర్ణయం నడుము గురించి. నొప్పి ఉన్న శరీరం మీద తూకాల ప్రయోగం చేయడం సరికాదని, అన్నీ ఆపి ఆమెను ఫిజియోథెరపిస్టు దగ్గరకు పంపాను. గాయం ఏమీ లేదని, కండరాల అలసటేనని, పొట్ట, నడుము కండరాలకు వ్యాయామం కావాలని ఆయన చెప్పారు. ఆ వ్యాయామాలు ఆ వారమే మొదలయ్యాయి. ఈ సంగతి పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. తరువాత వచ్చిన ఫలితంలో దాని వాటా ఎంతో విడదీసి చెప్పడం నాకు సాధ్యం కాలేదు.

కొలవడం

ఆ వారం విరామంలో రైఫిల్‌ను కొలిచాను. ఇందుకు ప్రయోగశాల అక్కర్లేదు. రైఫిల్‌లో పెల్లెట్ లేదని రెండుసార్లు చూసుకుని, రైఫిల్ ఖాళీ అని చూపే సేఫ్టీ ఫ్లాగ్ పెట్టి, సైట్లు, నిండు సిలిండర్ సహా కాల్చేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంచాలి. సిలిండర్ సంగతి చాలామంది పట్టించుకోరు. 150 మిల్లీలీటర్ల సిలిండర్‌లో 200 బార్ గాలి దాదాపు 36 గ్రాములు తూగుతుంది, అదంతా ముందువైపే ఉంటుంది. తరువాత గుడ్డ చుట్టిన గుండ్రటి పైపు మీద రైఫిల్‌ను అడ్డంగా పెట్టి, ఎటూ వాలకుండా నిలిచే చోటు గుర్తిస్తే అదే బ్యాలెన్స్ పాయింట్. ఆమె రైఫిల్ 5.10 కిలోలు; బ్యాలెన్స్ పాయింట్ ట్రిగ్గర్‌కు 18.7 సెం.మీ. ముందు. పొజిషన్‌లో ఆమె ఎడమ చేయి రైఫిల్‌ను మోసే చోటుకు టేపు అంటించాను. అది ట్రిగ్గర్‌కు 12 సెం.మీ. ముందు. బట్ ప్లేట్, అంటే భుజానికి ఆనే వెనుక చివర, ట్రిగ్గర్‌కు 33 సెం.మీ. వెనుక.

అంటే బరువంతా కేంద్రీకృతమైన బిందువు, మోసే చేతికి 6.7 సెం.మీ. అవతల ఉంది. రైఫిల్ ముక్కు కిందికి దిగాలని చూస్తుంది, బట్ పైకి లేవాలని చూస్తుంది. ఆ లేవడాన్ని భుజం, చెంప, కుడి చేయి కలిసి అదిమిపట్టాలి. ఎంత బలంతో? 5.10 కిలోలను 6.7తో గుణించి, చేతి నుంచి బట్ వరకు ఉన్న 45 సెం.మీ.తో భాగిస్తే సుమారు 760 గ్రాములు. లెక్క మీద నమ్మకం చాలక, పైపును చేతి గుర్తు కింద పెట్టి, ప్రయాణాల్లో పెట్టెలు తూచే చిన్న లగేజీ కాటాను బట్‌కు తగిలించి, రైఫిల్ సమతలంగా నిలిచేదాకా కిందికి లాగాను. కాటా 750 చూపించింది.

ఆ నాలుగు రింగులు తీసేసి మళ్లీ కొలిస్తే రైఫిల్ 4.90 కిలోలు, బ్యాలెన్స్ పాయింట్ 17 సెం.మీ., బట్ దగ్గర భారం 540 గ్రాములు. సీనియర్లు కలిపిన 200 గ్రాములు రైఫిల్ బరువును నాలుగు శాతం పెంచాయి. ఆమె వెనుకవైపు అదమాల్సిన భారాన్ని మాత్రం నలభై శాతం పెంచాయి. ఈ రెండు అంకెలను పక్కపక్కన రాసుకున్న రోజు నాకు సమస్య తేలిపోయిందనిపించింది. తేలలేదు.

నా మొదటి మందు, అది ఎందుకు పనిచేయలేదు

నా ఆలోచన ఇలా సాగింది. కొసన బరువు పెడితే రెండు పనులు జరుగుతాయి. ఒకటి, బ్యాలెన్స్ పాయింట్ ముందుకు జరుగుతుంది. రెండు, జడత్వ భ్రామకం పెరుగుతుంది, అంటే రైఫిల్ తిరగడానికి బద్ధకిస్తుంది. కొస వణుకు నెమ్మదిస్తుంది. ఈ రెండో పనే మనకు కావలసింది, మొదటిది దాని దుష్ఫలితం. ఇంటర్ ఫిజిక్స్‌లో చదువుకున్నదే: దూరం వర్గంతో పెరిగేది జడత్వ భ్రామకం, దూరంతో మాత్రమే పెరిగేది బలభ్రామకం. కనుక కొసన ఉన్న బరువు అలాగే ఉంచి, వెనుక చివర కూడా బరువు పెడితే తూకం వెనక్కి వస్తుంది, బద్ధకం ఇంకా పెరుగుతుంది. బట్ దగ్గర, ట్రిగ్గర్‌కు 30 సెం.మీ. వెనుక 250 గ్రాములు కలిపాను. రైఫిల్ 5.35 కిలోలయింది, నిబంధన లోపలే. బ్యాలెన్స్ పాయింట్ 16.4కు, భారం 520 గ్రాములకు వచ్చాయి.

పది షాట్ల పరీక్షలో స్కాట్ తెర మీద గీత ముద్దొచ్చేలా ఉంది. పదిలోపల సమయం 86 శాతం. నేను సంతోషపడ్డాను, ఆమె ఇంకా సంతోషపడింది. తొమ్మిది రోజుల తరువాత పూర్తి మ్యాచ్: 104.3, 104.0, 103.1, 101.9, 101.2, 100.6. మొత్తం 615.1. నాలుగో సిరీస్ నుంచి గురి కుదరడానికి ఎనిమిది సెకన్లు పట్టేది పదమూడు పట్టింది. అయిదో సిరీస్‌లో పదకొండు సార్లు కాల్చకుండానే రైఫిల్ దించేసింది. ఆఖరి పది షాట్లకు ఆరు నిమిషాలే మిగిలాయి. నడుము నొప్పి మళ్లీ వచ్చింది.

భౌతికశాస్త్రం తప్పు కాదు, నా అన్వయం తప్పు. బద్ధకించే రైఫిల్ వణుకుకు ఎంత బద్ధకిస్తుందో, గురి వైపు తిరిగి రావడానికీ అంతే బద్ధకిస్తుంది. అలసిన శరీరం దానిని కదిల్చి నిలపడానికి మరింత సమయం తీసుకుంటుంది. ఇంకొకటి, షూటర్ శరీరం మొత్తంగా ముందుకూ వెనక్కూ, పక్కలకూ ఊగినప్పుడు రైఫిల్ కూడా ఆ శరీరంతో పాటే ఊగుతుంది. ఆ ఊగుకు రైఫిల్ చివర్లలో పెట్టిన బరువు అడ్డుపడదు. అన్నిటికంటే ముఖ్యం, 52 కిలోల మనిషి 5.35 కిలోలను అరవై సార్లు ఎత్తి దించుతోంది. కాల్చకుండా దించినవి కలిపితే ఆ రోజు తొంభైకి పైనే. పది షాట్ల పరీక్షతో అరవై షాట్ల మ్యాచ్‌కు తీర్పు చెప్పడం నేను చేసిన అసలు పొరపాటు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుని చెప్పవచ్చు గాని, ఈ క్రీడలో ఆ సామెత చెల్లదు.

అన్నీ తీసేసి చూడటం

కోపంతో కాదు గాని, కొంత చిరాకుతోనే బరువులన్నీ విప్పేశాను. 4.90 కిలోల రైఫిల్‌తో రెండు వారాలు. ఎనిమిదో రోజు మ్యాచ్: 102.9, 103.0, 102.8, 102.7, 102.3, 101.9. మొత్తం 615.6.

మొత్తం దాదాపు అదే, ఆకారం వేరు. మొదటి సిరీస్ 1.4 పాయింట్లు తగ్గింది, ఆఖరిది 1.3 పెరిగింది. ఖాళీ రైఫిల్ కొస తేలికగా, చురుగ్గా, చెప్పాలంటే చపలంగా ఉంది. అయితే అలసట తక్కువ. ఇక్కడ ఒక కోచ్ ఆగిపోయి "మధ్యే మార్గంగా వంద గ్రాములు పెడదాం" అనవచ్చు. నేనూ అనబోయాను. ఆ సాయంత్రం రెండు మ్యాచ్‌ల షాట్లను ఒకదాని మీద ఒకటి వేసి చూసినప్పుడు ఒక సంగతి కనిపించింది. రెండింటిలోనూ చివరి రెండు సిరీస్‌ల షాట్లు ఆరు గంటల వైపే, అంటే తిన్నగా కిందికే జారాయి. అడ్డంగా చెదరడం మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉంది. నిలువుగా మాత్రమే పాడవుతోంది. వచ్చిన మొదటి వారం మ్యాచ్ తీసి చూస్తే అందులోనూ అదే, ఇంకొంచెం ఎక్కువగా. ఇంతకాలం మొత్తం స్కోరును, పదిలోపల శాతాన్ని చూశాను గాని నిలువును, అడ్డాన్ని వేరు చేసి చూడలేదు.

5.35 కిలోల రైఫిల్‌కూ 4.90 కిలోల రైఫిల్‌కూ ఏ పోలికా లేదు, ఒక్కటి తప్ప: బట్ దగ్గర భారం. ఒకచోట 520, ఇంకోచోట 540. నేను అనుకోకుండా మంచి ప్రయోగమే చేశాను. బరువు మారింది, బద్ధకం మారింది, ఆ భారం మారలేదు, కిందికి జారడమూ మారలేదు. భుజం అదుము సడలినప్పుడల్లా కొస కొద్దిగా దిగుతోంది, ఆమె దానిని ఎడమ చేతి కండరంతో ఎత్తుతోంది. ఎడమ చేయి ఈ పొజిషన్‌లో స్తంభంలా ఎముక మీద ఎముకగా నిలబడాలి. అది జాకీలా పనిచేయడం మొదలుపెట్టిన క్షణం నుంచి హోల్డ్, అంటే గురి నిలకడ, పోయినట్టే.

మరి భారం ఎలా తగ్గించాలి? వెనుక ఇంకా బరువు పెడితే 5.5 కిలోల గీత దగ్గరకు వస్తాం, నడుము ఒప్పుకోదు. చేతిని ముందుకు జరపాలి. చేయి జరగదు, ఎడమ మోచేయి తుంటి ఎముక మీద ఆనాలి, ముంజేయి నిటారుగా లేవాలి, ఆ చేయి ఎక్కడ తగిలితే అక్కడే. బలవంతంగా ముందుకు పెట్టించి చూశాను, మోచేయి తుంటి నుంచి జారింది. ఒక్క పూటలోనే వదిలేశాను.

రైఫిల్‌ను కాదు, మనిషిని చూడటం

పరిష్కారం నా తెలివితో దొరకలేదు. ఇంకో విద్యార్థి సరదాగా ఫోన్‌లో ఆమె ఫొటోను పక్క నుంచి తీశాడు. అందులో ఆమె మెడ తాబేలు మెడలా ముందుకు సాగి ఉంది, కుడి భుజం ముందుకు ముడుచుకుని ఉంది, నడుము పైభాగం మామూలుకంటే వెనక్కి వాలి ఉంది. చెంప ఆనించే చీక్ పీస్‌ను అందుకోవడానికి తల వెళుతోంది, చీక్ పీస్ తల దగ్గరకు రావడం లేదు. బట్ పొడవు ఎక్కువైంది. అప్పుడు అడిగితే "నేషనల్స్ ఆడిన సెట్టింగ్" కథ బయటికొచ్చింది. నెలన్నరగా రైఫిల్ చుట్టూ పైపులు, కాటాలతో తిరుగుతున్న నేను, రైఫిల్ పట్టుకున్న పిల్లను సరిగా చూడలేదు.

బట్ ప్లేట్‌ను 2 సెం.మీ. లోపలికి, అంటే ట్రిగ్గర్‌కు 31 సెం.మీ. వెనుకకు జరిపాం. ఆ ఒక్క మార్పుతో ఏం జరుగుతుందో చూడండి. శరీరం, తుంటి, మోచేయి ఎక్కడివి అక్కడే ఉంటాయి. రైఫిల్ మాత్రం 2 సెం.మీ. వెనక్కి వస్తుంది. కనుక చేయి జరగకుండానే, రైఫిల్ మీద చేయి ఆనే చోటు ట్రిగ్గర్‌కు 14 సెం.మీ. ముందుకు మారుతుంది. చేతి నుంచి బట్ దూరం మారదు, 45 సెం.మీ.గానే ఉంటుంది. పాత నాలుగు రింగులతోనే కొలిస్తే భారం 750 నుంచి 530కి దిగింది, గ్రాము బరువు కలపకుండా.

దీనికి అనుబంధంగా సర్దాల్సినవి ఉన్నాయి. రైఫిల్ వెనక్కి వస్తే రియర్ సైట్ కంటికి దగ్గరవుతుంది కనుక దానిని రైలు మీద 2 సెం.మీ. ముందుకు జరిపాం. చీక్ పీస్ ఎత్తు మార్చాం. తల నిటారుగా వచ్చింది కాబట్టి పాదాల నిలకడ కూడా మారి, సహజంగా రైఫిల్ ఎటు చూస్తుందో ఆ దిశను మళ్లీ మొదటి నుంచి కుదుర్చుకోవాల్సి వచ్చింది. పది రోజులు పెల్లెట్ లేకుండా డ్రై ప్రాక్టీసే. స్కోరు రాయవద్దని చెప్పాను. రాస్తే మనసు పాత పొజిషన్‌కు పారిపోతుంది.

ఆ తరువాతే బరువుల జోలికి వెళ్లాం, అదీ ఒక్కోసారి ఒక్కటే, ఒక్కో మార్పుకూ కనీసం ఒక పూర్తి మ్యాచ్. కొసన నాలుగు రింగులూ తీసేస్తే చపలత్వం తిరిగొచ్చింది. రెండు పెడితే అయిదో సిరీస్‌లో కిందికి జారడం కనిపించింది. ఒక్క రింగు దగ్గర నిలిపాం. బట్ దగ్గర, ట్రిగ్గర్‌కు 28 సెం.మీ. వెనుక, ముందు 60 గ్రాములు, తరువాత 120. ఈ 120 గ్రాములను స్టాక్ కింది కడ్డీకే బిగించాం, పైన కాదు. అరచేతి మీద నిలిచిన రైఫిల్ గురుత్వ కేంద్రం ఆ చేతికంటే పైన ఉంటుంది, కర్ర మీద కుండలాగా. దానిని ఎంత దించగలిగితే పక్కకు ఒరిగే గుణం అంత తగ్గుతుంది. 120 గ్రాములతో దిగేది కొద్దిగానే, అయినా దాన్ని పైన పెట్టడానికి కారణమేదీ లేదు.

చివరికి రైఫిల్ బరువు 5.07 కిలోలు. బ్యాలెన్స్ పాయింట్ 16.4 సెం.మీ. బట్ దగ్గర భారం 270 గ్రాములు. ఆమె నా దగ్గరకు వచ్చిన రోజు రైఫిల్ 5.10 కిలోలు అన్న సంగతి గుర్తుంటే, మేము తగ్గించిన బరువు 30 గ్రాములు మాత్రమే. తగ్గిన భారం దాదాపు మూడింట రెండు వంతులు. భుజం నుంచి రైఫిల్ గురుత్వ కేంద్రం దూరం కూడా 51.7 నుంచి 47.4 సెం.మీ.కు వచ్చింది. ముందున్న బరువును సమం చేయడానికి ఆమె వెనక్కి వాలే అవసరం ఆ మేరకు తగ్గింది; నడుము ఊరట పొందడానికి ఇది ఒక కారణమని నా నమ్మకం.

ఈ 270ని సున్నాకు ఎందుకు తీసుకురాలేదని ఒక తోటి కోచ్ అడిగారు. తెచ్చి చూశాం. భారం పూర్తిగా పోతే బట్‌కు భుజంలో పట్టు ఉండదు. రైఫిల్ చేతి మీద తక్కెడలా అటూ ఇటూ ఊగుతుంది, షాట్ తరువాత కొస ఒక్కోసారి ఒక్కో వైపు ఎగురుతుంది. కొంచెం ముందు మొగ్గే బట్‌ను భుజానికి ఆనించి ఉంచుతుంది. ఆ కొంచెం ఎంత అన్నది మనిషిని బట్టి ఉంటుంది; 270 ఈ అమ్మాయి అంకె, ఇంకొకరిది కాదు.

ఫలితం

మొదట స్కోరు పడిపోయింది. బట్ మార్చిన తరువాత కాల్చిన తొలి మ్యాచ్‌లో 609 చిల్లర. వాళ్ల నాన్నగారు ఫోన్ చేసి, "సార్, ఉన్నది కూడా పోతోందేమో?" అన్నారు. మూడు వారాలు స్కోరు అడగవద్దని ముందే చెప్పి ఉంచాను కనుక ఆ సంభాషణ తేలికగానే ముగిసింది. చెప్పకపోయి ఉంటే ఆ మూడు వారాలు నాకు దొరికేవి కావు.

పదో వారం మ్యాచ్: 103.9, 103.8, 104.0, 103.4, 103.6, 103.1. మొత్తం 621.8. మొదటి సిరీస్ పాతదానికంటే 0.2 తక్కువ, ఆఖరిది 2.1 ఎక్కువ. చివరి సిరీస్‌లో పదిలోపల సమయం 76 శాతం. మ్యాచ్ ఇరవై నిమిషాలు మిగిలి ఉండగానే ముగిసింది. నడుము నొప్పి లేదు.

ఇందులో వ్యాయామం వాటా ఎంత, తూకం వాటా ఎంత అన్న అనుమానం నన్ను వదలలేదు. అందుకని ఆమె ఒప్పుకున్న ఒక శనివారం, బరువులు ఏవీ కదపకుండా, బట్‌ను మాత్రం పాత పొడవుకు జరిపి, సైట్ కూడా పాత చోటికి తెచ్చి మ్యాచ్ కాల్పించాను. భారం 490కి పెరిగింది. నాలుగో సిరీస్ దాకా తేడా లేదు; అయిదు, ఆరు సిరీస్‌లలో షాట్లు మళ్లీ ఆరు గంటల వైపు దిగాయి. పదివారాలు వ్యాయామం చేసిన అదే శరీరం. ఒక్క రోజు పరీక్ష మీద పెద్ద తీర్పు చెప్పను. పైగా అలవాటు తప్పిన పొడవు కాబట్టి కొంత నష్టం దానిది కూడా కావచ్చు. అయినా ఆ జారుడు దిశ మాత్రం నేను ఊహించిన దిశే.

ఈ కేసు తరువాత నా పద్ధతిలో మార్పు

బరువులు అడిగే ప్రతి విద్యార్థికీ ముందు పక్క నుంచి ఫొటో తీస్తున్నాను, తరువాత రైఫిల్ ఎవరిదో, సెట్టింగ్ ఎవరిదో అడుగుతున్నాను, ఆ తరువాతే పైపు, కాటా. షాట్లను నిలువు, అడ్డం వేరు చేసి చూడనిదే ఏ బరువూ ముట్టుకోవడం లేదు. అడ్డంగా చెదిరే షూటర్‌కు ఈ లెక్కలు పెద్దగా ఉపయోగపడవు, అక్కడ పాదాలు, తుంటి, శరీరం ఊగు చూడాలి. పది షాట్ల పరీక్షను పూర్తిగా మానేయలేదు, కానీ దాని మీద నిర్ణయం తీసుకోవడం మానేశాను.

అమ్మాయి ఇంకా ఎదుగుతోంది. ఈ ఏడాది సెంటీమీటరున్నర పెరిగింది. రెండు నెలలకోసారి కొలతలు మళ్లీ తీస్తున్నాం. రైఫిల్ పెట్టె మూత లోపల తెల్ల టేపు మీద 31, 14, 16.4, 270 అని ఆమె చేతిరాతలో ఉంటాయి, పక్కనే తేదీ. తీసేసిన మూడు రింగులు అదే పెట్టెలో ఒక మూల ఉన్నాయి. ఈ మధ్య 50 మీటర్ల .22 రైఫిల్ మొదలుపెడతానంటోంది. దాని బరువు వేరు, తిరుగుదెబ్బ వేరు, మోకాలి మీదా పడుకునీ కూడా కాల్చాలి. ఈ నాలుగు అంకెల్లో ఒక్కటీ అక్కడికి రాదు. కొత్త టేపు కొని ఉంచమని చెప్పాను.